మాతృభాష ఇంగ్లీషేనని ధ్రువీకరణ

జగ్గయ్యపేట,
4 ఆగస్టు 1980.
లేఖ నెం. 1

చిరంజీవి జయమణికి మేనమామ జ్ఞానయ్య ప్రభువు నామమున ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అనేది తోచినప్పుడు తోచినట్లు మొదలుపెట్టదగిన వస్తువు కాదు. నందిగామ మునసబు కోర్టులో ముప్ఫై రెండేళ్లు పనిచేసి, శిరస్తదారుగా విరమించినవాణ్ణి గనుక, మన కుటుంబ ఉత్తరాలకు ఒక పద్ధతి ఏర్పరచవలసిన బాధ్యత నామీద ఉన్నదని భావిస్తున్నాను. ఇకమీదట ప్రతి ఉత్తరానికీ నెంబరు ఉండాలి. ఎడమవైపు బొటనవేలి వెడల్పున మార్జిను వదలాలి. అవతలివారి ఉత్తరపు సారాంశం ముందు చెప్పి, ఆపైన జవాబు చెప్పాలి. క్షేమ సమాచారాలు చోటు మిగిలితేనే రాయాలి. నువ్వు జూలై 10న జాంబియా నుంచి రాసిన ఉత్తరం వీటిలో ఏ ఒక్కటీ పాటించలేదు. పైగా దాని మొదటి వాక్యం "మావయ్యా, నాకు ఒళ్లు మండిపోతోంది" అని ఉన్నది. అలాంటి వాక్యాన్ని ఏ శీర్షిక కింద ఫైలు చేయాలో నాకు తెలియలేదు.

ఇక సారాంశం. కిట్వే అనే గనుల పట్టణంలో, ఒక ప్రైవేటు స్కూల్లో నువ్వు ఏడేళ్లుగా ఇంగ్లీషు బోధిస్తున్నావు. స్కూలు బోర్డువారు ఇప్పుడొక నియమం తెచ్చారు. ఇంగ్లీషు మాతృభాష కాని టీచర్లందరూ జనవరిలో ఇంగ్లీషు పరీక్ష రాయాలి. తప్పినవారి కాంట్రాక్టు రద్దు. కాంట్రాక్టు రద్దయితే ఆ దేశంలో ఉండే పర్మిటు కూడా రద్దు. నీ చదువంతా ఇంగ్లీషులోనే సాగిందని బెజవాడ కాలేజీ నుంచి ఒక్క వాక్యం రాయించి డిసెంబరు 1 లోగా పంపితే, పరీక్ష తప్పుతుందని నీ ఆశ.

చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో ఎం.ఏ. ప్యాసైన మా పిల్లకు ఇంగ్లీషు వచ్చునా అని అడిగేవాళ్లెవరు? వాళ్ల పేర్లు, హోదాలు వెంటనే పంపు. కాలేజీ ఉత్తరం సంగతి ఆలోచించాను. అది రెండో తరగతి సాక్ష్యం. మొదటి తరగతి సాక్ష్యం చేతిలో ఉండగా రెండోది దాఖలు చేయడం నా అనుభవంలో లేదు. బిడ్డ మాతృభాష ఏదో చెప్పగలిగింది తల్లి. తల్లి మా ఇంట్లోనే ఉంది. మిగతాది నాకు వదిలెయ్యి.

ఇట్లు,
జ్ఞానయ్య.

ఏరోగ్రాం మడత మీద, అక్కయ్య లూర్దమ్మ చెప్పగా రాసినది: జయమ్మా, వాళ్లు పరీక్షంటే నువ్వు బెంగెట్టుకోమాక. వేళకి తిను. మీ మావయ్య మళ్లీ కోటు తొడుక్కున్నాడు, నాకదే బయంగా ఉంది.

*

కిట్వే,
29 ఆగస్టు 1980.
లేఖ నెం. 2

మావయ్యకు జయమణి నమస్కారాలు.

నెంబరు వేశాను, మార్జిను వదిలాను. సారాంశం: మీరు కాలేజీకి వెళ్లలేదు. దయచేసి వెళ్లండి.

మీరు అడిగినవాళ్ల పేర్లు పంపను, ఎందుకంటే మీరు వాళ్లకు ఉత్తరం రాస్తారు. మా స్టాఫ్‌రూము సంగతి మాత్రం చెబుతాను. అప్పుడైనా నా ఒంటి మంట ఏ శీర్షిక కిందికి వస్తుందో మీకు తెలుస్తుంది.

మా హెడ్మాస్టరుది స్కాట్లండు. ఆయన అసెంబ్లీలో మొదటిసారి మాట్లాడినప్పుడు, పిల్లలు అది వాళ్ల దేశపు పాట అనుకొని చివర చప్పట్లు కొట్టారు. ఆయనకు పరీక్ష లేదు. లెక్కల మాస్టరుది ఆస్ట్రేలియా. ప్రతి మాటలోనూ సగం నోట్లోనే ఉంచుకొని మిగతా సగం మనకిస్తాడు. ఆయనకూ లేదు. భూగోళం చెప్పే మిసెస్ అసారేది ఘనా. వాళ్ల దేశంలో బడీ, కోర్టూ, పార్లమెంటూ అన్నీ ఇంగ్లీషులోనే. ఆమెకు పరీక్ష ఉంది. మా డిప్యూటీ హెడ్మాస్టరు మూలెంగా గారు ఈ దేశపు మనిషే. ఈ దేశపు ప్రభుత్వం నడిచేది ఇంగ్లీషులో. నేను తయారుచేసిన ప్రశ్నాపత్రాల్లో కామాలు సరిచేసేది ఆయన. ఆయనకు, ఆయన సొంత దేశంలో, పరీక్ష ఉంది!

ఇంగ్లండులో ఇంగ్లీషు అధికార భాష అని అసలు చట్టమే లేదట, మావయ్యా. చట్టాలు చేసి నెత్తిన పెట్టుకున్నవాళ్లం మనం. నాగాలాండు అధికార భాష ఇంగ్లీషు. ఢిల్లీలో హిందీ పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న పదిహేను భాషల్లో మాత్రం అది లేదు. ఇన్ని దేశాలు ఇన్ని రకాలుగా మోస్తున్న భాషకు నలుగురే సొంతదారులట, తక్కినవాళ్లం కాపలాదారులమట.

నాకు కావలసింది కాలేజీ నుంచి ఒక్క వాక్యం. బెజవాడ బస్సెక్కితే ఒక పూట పని.

మీ మేనకోడలు,
జయమణి.

*

జగ్గయ్యపేట,
22 సెప్టెంబరు 1980.
లేఖ నెం. 3

చిరంజీవి జయమణికి ఆశీస్సులు.

సారాంశం: నీకు కోపం వచ్చింది. జవాబు: నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది.

బెజవాడ వెళ్లలేదు. తాలూకా కచేరీకి వెళ్లి, నీ మాతృభాష ఇంగ్లీషేనని ధ్రువీకరించమంటూ కోర్టు ఫీజు స్టాంపు అంటించి అర్జీ దాఖలు చేశాను. అక్కడి గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కులానికుందండీ ఫారం, ఆదాయానికుందండీ, నేటివిటీకుందండీ. భాషక్కూడా సర్టిఫికెట్టేంటండీ పెద్దాయనా?"

"ఫారం లేనంత మాత్రాన హక్కు పోదు," అన్నాను.

"ఫారం లేకుండా నేనేం రాయనండీ మరి?"

న్యాయమైన ప్రశ్న. కనుక నేటివిటీ ఫారమే తీసుకొని, "ఫలానా గ్రామంలో పుట్టి పెరిగిన" అన్నచోట "గ్రామంలో" కొట్టేసి "భాషలో" అని రాసి, పక్కన పొడి సంతకం చేశాను. ఇప్పుడది నువ్వు ఇంగ్లీషు భాషలో పుట్టి పెరిగి, గత ఇరవై సంవత్సరాలుగా అందులోనే స్థిర నివాసం ఉంటున్నట్లు చదువుకుంటుంది. రెవెన్యూ ఇన్స్పెక్టరు భవానీప్రసాద్ అక్టోబరు 14న మన ఇంటికి వచ్చి మీ అమ్మను విచారిస్తారు.

అందుకు అక్కయ్యను సిద్ధం చేస్తున్నాను. రోజుకు రెండు వాక్యాల చొప్పున పది రోజులు ప్రయత్నించాను. నిన్నటి ఫలితం ఇది.

"అక్కా, ఆయనొచ్చి 'హౌ ఆర్ యూ' అంటే నువ్వేమనాలి?"

"పొయ్యి మీద అన్నం మాడతంటే హౌ ఆర్ యూ ఏందిరా నీ మొహం! లేచి ఆ గిన్నె దించు."

గిన్నె దించాను. విచారణ రోజున ఆమె ఒక్క తెలుగు ముక్క కూడా మాట్లాడరాదని మాత్రం లిఖితపూర్వకంగా ఆదేశించాను. చదివి వినిపించాను కూడా.

ఇట్లు,
జ్ఞానయ్య.

మడత మీద, అక్కయ్య చెప్పగా: జయమ్మా, వీడికి రిటైరు ఇవ్వకుండా ఉండాల్సింది.

*

కిట్వే,
15 అక్టోబరు 1980.
లేఖ నెం. 4

మావయ్యా,

మీ మూడో ఉత్తరం ఇవాళే అందింది. ఈ ఉత్తరం మీకు చేరేసరికి ఆ విచారణ అయిపోయి ఉంటుందని తెలిసీ రాస్తున్నాను. ఆపండి!

నేను అబద్ధం చెప్పి పరీక్ష తప్పించుకోవాలనుకోలేదు. నా మాతృభాష తెలుగు. ఆ మాట బోర్డు ఫారంలో నా చేత్తో నేనే రాశాను. నాకు పరీక్ష అక్కర్లేదని నేనంటున్నది నాకు ఇంగ్లీషు వచ్చు గనుక. మా అమ్మకు వచ్చని కాదు. అరవై రెండేళ్ల మనిషిని కూర్చోబెట్టి ఎవరో గవర్నమెంటు ఆయన ముందు ఇంగ్లీషు మాట్లాడమంటారా? ఇక్కడ బోర్డువాళ్లు నన్ను చేస్తున్నదే మీరు ఆమెను చేస్తున్నారు.

నిన్న మూలెంగా గారు స్టాఫ్‌రూములో పాత వ్యాకరణం పుస్తకం ముందేసుకొని కూర్చున్నారు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు చెబుతున్న పుస్తకం. "చదువుకుంటున్నాను, పరీక్ష కదా," అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

కాలేజీ ఉత్తరం. ఒక్క వాక్యం.

జయమణి.

*

జగ్గయ్యపేట,
16 అక్టోబరు 1980.
లేఖ నెం. 5

చిరంజీవి జయమణికి ఆశీస్సులు.

నీ దగ్గరనుంచి నాలుగో ఉత్తరం రాకముందే ఐదోది రాయడం క్రమవిరుద్ధమే. కాని విజయానికి క్రమం లేదు. విచారణ ముగిసింది.

భవానీప్రసాద్ పాతికేళ్ల కుర్రవాడు. సైకిలు దిగి, చెమట తుడుచుకొని, అరుగు మీద కూర్చున్నాడు. సాక్షిగా పక్క పంక్చరు షాపు ఖాజావలిని పిలిపించాను.

"అమ్మా, మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారండీ?" అని అడిగాడు.

అక్కయ్య నా ఆదేశం ప్రకారం నోరు విప్పలేదు.

"పోనీ అండీ, మీకు వచ్చిందేదో కాస్త మాట్లాడండి, రాసుకొని పోతా."

మీ అమ్మ నావైపు ఒకసారి చూసింది. తెలుగు వద్దన్నాను, ఇంగ్లీషు రాదు. ఇక మిగిలిందొక్కటే. చేతులు జోడించి, కళ్లు మూసుకొని, చిన్నతనంలో మఠకన్యల బోర్డింగులో కంఠస్థం చేసిన ప్రార్థనలు, పూర్వం చర్చిలో పూజ సాగిన లతీను భాషలో, అందుకుంది. పూజ తెలుగులోకి మారి ఇన్నేళ్లయినా ఆమెకు ఒక్క ముక్క మరపు రాలేదు. పరలోక జపంతో మొదలుపెట్టి, పునీతులందరినీ వరసన పిలుస్తూ ఎనిమిది నిమిషాలు ధారాళంగా నడిపింది. రెండో నిమిషంలో ఖాజావలి తలమీద టోపీ సరిచేసుకున్నాడు. ఐదో నిమిషంలో భవానీప్రసాద్ లేచి నిలబడ్డాడు.

"చాలండీ, చాలండీ అమ్మా, మీకు పుణ్యముంటది," అన్నాడు.

"నీకేమన్నా అర్థమైందా ఖాజావలీ?" అని అడిగాడు.

"లేదండీ. అంటే మంచి ఇంగ్లీషేనండి," అన్నాడు ఖాజావలి.

రిపోర్టులోని ముఖ్యభాగం యథాతథంగా: "దరఖాస్తుదారు తల్లి మిక్కిలి ధారాళముగా మాట్లాడినది. క్రింద సంతకము చేసిన నాకు అందులో ఒక్క మాటయు బోధపడనందున, అది ఇండియాలో నేర్చిన ఇంగ్లీషు కాదనియు, ఇంగ్లండు దేశపు అసలు ఇంగ్లీషేననియు నమ్ముచున్నాను."

అది ఇంగ్లీషని నేను అనలేదు. అది ఏ భాష అని ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం కోర్టు మర్యాద కాదు. ఆ రిపోర్టును బట్టి కచేరీవారు జారీ చేసిన ధ్రువపత్రం మీద మూడు సీళ్లు వేయించి, నీకు శ్రమ లేకుండా నేరుగా స్కూలు బోర్డుకే రిజిస్టరు పోస్టులో పంపాను.

ఇట్లు,
జ్ఞానయ్య.

మడత మీద, అక్కయ్య చెప్పగా: జయమ్మా, ఆ అబ్బాయి ఎంతకీ ఆపమనడే. సరేలే అని నీకోసమే అన్నీ చదివా. నీకు మంచే జరుగుద్ది.

*

కిట్వే,
18 నవంబరు 1980.
లేఖ నెం. 6

మావయ్యా,

సారాంశం చెప్పే ఓపిక నాకు లేదు.

మీ ధ్రువపత్రం బోర్డుకు చేరింది. వాళ్లెవరూ నన్ను ఏమీ అడగలేదు. అనుమానిస్తారనుకున్నాను, సిగ్గుపడటానికి సిద్ధపడి వెళ్లాను. ఛైర్మను ఆ కాయితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని సీళ్లు లెక్కపెట్టాడు. మా హెడ్మాస్టరు దగ్గర ఇలాంటిది ఒక్కటి కూడా లేదట. ఏడేళ్లుగా నా నోటి ఇంగ్లీషు వింటున్న మనిషికి, అది ఇంగ్లీషేనని జగ్గయ్యపేట నుంచి కాయితం వస్తే నమ్మకం కుదిరింది!

అంతటితో అయిపోలేదు. పరీక్ష పెట్టడానికి ఇంగ్లీషు మాతృభాషగా గల టీచరు ఒకరు కావాలట. లెక్కల మాస్టరు సెలవు మీద వెళుతున్నాడు. హెడ్మాస్టరుకు తీరిక లేదు. కనుక జనవరి 5న మిసెస్ అసారేకూ, మూలెంగా గారికీ పరీక్ష పెట్టి, పేపర్లు దిద్ది, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చవలసింది నేను.

సాయంత్రం మూలెంగా గారు నా క్లాసు గుమ్మం దగ్గర ఆగారు. "అభినందనలు. మీ మాతృభాష ఇంగ్లీషని ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నారు. వెటకారంగా అనలేదు మావయ్యా. నిజంగానే అడిగారు. నేను తలెత్తలేకపోయాను. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో పిల్లలు నా యాస విని నవ్వితే, క్లాసులోకి వచ్చి వెనక బెంచీలో కూర్చొని, "మీ టీచరు మాట్లాడేది ఇంగ్లీషు. మీరు నవ్వేది ఏ భాష?" అని వాళ్లను అడిగిన మనిషి ఆయన.

ఆ ధ్రువపత్రం చెల్లదని మీరే బోర్డుకు రాయండి. వెంటనే.

జయమణి.

*

జగ్గయ్యపేట,
8 డిసెంబరు 1980.
లేఖ నెం. 7

చిరంజీవి జయమణికి ఆశీస్సులు, అభినందనలు.

సారాంశం: నీకు పరీక్షాధికారిగా ప్రమోషను వచ్చింది. ఖాజావలికి చెప్పాను, ఆయన షాపు దగ్గర ఆగిన వాళ్లందరికీ చెప్పాడు. నందిగామలో నా పాత సిబ్బందికి కార్డులు రాశాను.

నీ కంగారు నాకు అర్థమైంది. ఆ మూలెంగా అనే ఆయన నీ ప్రమోషను ఓర్వలేక గుమ్మం దగ్గర మాటలంటున్నాడు. అలాంటివాళ్లను కోర్టులో చాలామందిని చూశాను. మెత్తబడకు. బెంచీకి ఒకరే కూర్చోవాలి. ప్రశ్నాపత్రం సీలు వాళ్ల ఎదుటే విప్పాలి. దయాదాక్షిణ్యాల మార్కులు వేయరాదు.

ధ్రువపత్రం చెల్లదని రాయడం అసాధ్యం. జారీ అయిన ధ్రువపత్రంలో ఉన్నది నిజం. నిజం కాకపోతే జారీ అయ్యేది కాదు.

ఇట్లు,
జ్ఞానయ్య.

మడత మీద, అక్కయ్య చెప్పగా: జయమ్మా, ఆ మూలెంగాకి వాళ్లమ్మ ఉందా? ఆమె దగ్గరికి ఎవరన్నా ఎల్లి అడిగారా, నన్నడిగినట్టు? అడక్కుండా ఆ కొడుక్కి పరీచ్చెట్లా పెడతావే?

*

కిట్వే,
9 జనవరి 1981.
లేఖ నెం. 8

మావయ్యకు నమస్కారాలు. అమ్మకు ముద్దులు.

ఐదో తారీఖు ఉదయం పరీక్ష హాల్లోకి వెళ్లాను. ముందు నాకోసం కుర్చీ, బల్ల, గ్లాసుతో నీళ్లు. ఎదురుగా రెండు బెంచీలు. నేను కుర్చీ దాటుకుంటూ వెళ్లి, మూలెంగా గారు కూర్చున్న బెంచీలోనే ఇంకో చివర కూర్చున్నాను. మీ నియమం ప్రకారం బెంచీకి ఒకరే ఉండాలని తెలుసు.

కాసేపటికి ఛైర్మనూ, హెడ్మాస్టరూ వచ్చారు. పరీక్షాధికారి ఏరీ అన్నారు. లేచి నిలబడి జరిగింది జరిగినట్లు చెప్పాను. మా అమ్మ చదివింది లతీను. ఆమెను విచారించినాయనకు అది అర్థం కాలేదు గనుక అసలైన ఇంగ్లీషన్నాడు. మీ బోర్డు మూడు సీళ్లు చూసి ఔనన్నది. నా భాష తెలుగు. మీ పిల్లలకు ఏడేళ్లుగా చెబుతున్నది ఇంగ్లీషు. రెండూ నావే.

"అయితే ఈ ధ్రువపత్రం తప్పా?" అన్నాడు ఛైర్మను.

"మీ నియమం ఎంత ఒప్పో అదీ అంత ఒప్పు," అన్నాను. పర్మిటు గడువు నెలాఖరు.

అప్పుడు హెడ్మాస్టరు ఎర్రబడి, పరీక్ష తనే పెడతానని బల్ల దగ్గరికి వెళ్లి డిక్టేషను మొదలుపెట్టాడు. ఆయన ధాటిగా చదువుతున్నాడు. మేం ముగ్గురం కలాలు పట్టుకొని చూస్తున్నాం. మూలెంగా గారు చెయ్యెత్తారు.

"సార్, అదే వాక్యం ఇంకొకసారి, ఈసారి ఇంగ్లీషులో చెబుతారా?"

మిసెస్ అసారే బల్లమీద తల పెట్టుకొని నవ్వింది. ఛైర్మను కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. పరీక్ష వాయిదా పడింది.

పన్నెండున స్కూలు తెరవాలి. ఇంగ్లీషుకూ, భూగోళానికీ వేరే టీచర్లు లేరు. కనుక ముగ్గురికీ ఒక్క సంవత్సరం కాంట్రాక్టు ఇచ్చారు. పర్మిటు కూడా వస్తుంది. కాని రిజిస్టరులో మా పేర్ల ఎదురుగా ఎర్ర సిరాతో "మాతృభాష: విచారణలో ఉన్నది" అని రాశారు. హెడ్మాస్టరు పేరు ఎదురుగా ఏమీ రాయలేదు. ఉద్యోగం ఉన్నందుకు సంతోషించాలో, ఆ ఎర్ర సిరా చూసి మండిపడాలో తెలియక, రెండూ చేస్తున్నాను.

అమ్మతో చెప్పండి. మూలెంగా గారి అమ్మ ఉంది, కసామా దగ్గర పల్లెలో. ఆమె మాట్లాడేది బెంబా. ఇంతవరకూ ఎవరూ వెళ్లి ఆమెను ఏమీ అడగలేదట.

మీ జయమణి.

*

జగ్గయ్యపేట,
22 ఫిబ్రవరి 1981.
లేఖ నెం. 9

చిరంజీవి జయమణికి ఆశీస్సులు.

సారాంశం: నువ్వు నా ధ్రువపత్రాన్ని బహిరంగంగా అవమానించావు. ఉత్తరం మొదటిసారి చదివి పక్కన పెట్టేశాను. రెండోసారి అక్కయ్య చదివించుకుంది. మూడోసారి ఎవరూ అడగకుండానే నేనే చదివాను. మూలెంగా గారిని గురించి గత ఉత్తరంలో నేను రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అది ఆయనకు తెలియజేయి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క వాక్యం కూడా ఉపసంహరించుకోలేదు.

అయితే ఆ ఎర్ర సిరాను నేను క్షమించను. "విచారణలో ఉన్నది" అనడానికి అక్కడ విచారించిందెవరు? ఎవరిని? ఎన్నడు?

ధ్రువపత్రం రద్దు చేయించడానికి తాలూకా కచేరీకి వెళ్లాను. రద్దుకు కూడా ఫారం లేదట. పైగా అక్కయ్యకు అప్పట్లో వచ్చిన ఇంగ్లీషు ఇప్పుడు రాకుండా పోయిందని డాక్టరు సర్టిఫికెట్టు తేవాలట. "మంచి ఇంగ్లీషండీ అది, పోగొట్టుకోకూడదండీ," అని గుమాస్తా బాధపడ్డాడు. అక్కడికక్కడే నాకు చెప్పలేనంత కోపం వచ్చి, ఆ కోపంలో కొంత నామీదనే అని గ్రహించి, ఇంటికి వచ్చాను.

ఈ వారం జనాభా లెక్కలకు పుల్లయ్య మాస్టరు వచ్చాడు. మాతృభాష గడి దగ్గర కలం ఆపి, సర్టిఫికెట్టు సంగతి ఊరంతా తెలుసు గనుక, నావైపు చూశాడు. నేను నోరు తెరవలేదు. అక్కయ్య తెరిచింది.

"ఏందయ్యా ఆయన్ని చూస్తావ్? నన్నడుగు. నేను అరిచినా, ఏడిచినా, నా కూతుర్ని తిట్టినా తెలుగులోనే. దేవుడితో ఒక్కడితోనే వేరే బాస. అది నాకూ ఆయనకీ మద్దెన సంగతి, మీ గడిలో పట్టదు."

పుల్లయ్య రాసుకొని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

దరిమిలా, అన్ని విషయాలూ పరిశీలించిన మీదట, ఈ కుటుంబానికి, కిట్వే స్కూలు బోర్డుకు, తక్కిన సమస్త దేశాలకు వర్తించే విధంగా కింది నియమం జారీ చేస్తున్నాను. నకలు మీ ఛైర్మనుకు తెలుగులో పంపాను.

ఎవరైనా ఒక మనిషి భాషను పరీక్షించదలచినచో, ముందుగా ఆ మనిషి తల్లి ఉన్న ఊరికి స్వయంగా వెళ్లవలెను. గుమ్మం బయట నిలబడి, ఆ తల్లి మాట్లాడే భాషలో, మూడు ప్రతులలో అర్జీ పెట్టుకొనవలెను. అర్జీలో తప్పులు దిద్దు అధికారము ఆమెది. ఆమె వంటలో ఉన్నచో ఆగవలెను. అర్జీ తప్పినదని ఆమె అన్నచో ఇంటికి పోయి, ఆ భాష నేర్చుకొని, మరుసటి సంవత్సరము రావలెను. ఈ నియమము అంతిమము. దీనిమీద అప్పీలు నాకు కూడా లేదు.